గుసగుసల మామయ్య

మా చిన్న మామయ్య గట్టిగా మాట్లాడడు. ఎవరితోనూ, ఎక్కడా, ఏ విషయంలోనూ. ఇల్లు అంటుకున్నా, "కాస్త పొగ వస్తున్నట్టుంది" అని మన చెవిలో విన్నవించుకుని పక్కకి తప్పుకునే రకం.

దీనికి శాస్త్రీయ కారణం ఉందని ఆయన వాదన. ఆయన క్యాన్సర్ పరిశోధకుడు. ఆయన ల్యాబులో ఎలుకలకు బదులు ఒపోసమ్‌లుంటాయి. చూడ్డానికి ఎలుకల్లాంటి జంతువులు; కంగారూకి చుట్టాలే గానీ, ఈ రకం పొట్టకి సంచీ ఉండే భాగ్యానికి నోచుకోలేదు. చిక్కుడు గింజంత పిల్లలు తల్లి పొట్టకి కరుచుకుని వేలాడుతుంటాయి. ఆ పసి ఒంటికి తనదేదో, పరాయిదేదో ఇంకా తెలియదు. మనిషి క్యాన్సర్ కణాలు పెట్టినా కాదనకుండా పెంచుతుంది. అందుకే కొత్త మందులు వాటి మీద పరీక్షిస్తారు.

"తల్లి అదిరితే పిల్లలు ఊడిపడతాయి. మెల్లిగా," అనేవాడు మామయ్య.

అంతవరకూ సబబే. కానీ అదే అలవాటై కూరగాయల కొట్లోనూ గుసగుసే. ఇదేదో రహస్య ఒప్పందమనుకుని కొట్టువాడు ధర తగ్గించేవాడు. అత్తయ్యకైతే ఒళ్లు మంట.

"పోట్లాడదామంటే ఈయన చెవిలో మాట్లాడతారు. చూసేవాళ్లు సరసమనుకుంటున్నారు. పెళ్లయిన కొత్తలో ఇలా ఉండేవారు కాదు."

అదే ల్యాబులో ఉద్యోగం చేసే పాపానికి నేనూ పిల్లిలా నడిచేవాణ్ణి. తుమ్మొస్తే వరండాలోకి పరుగు. ఈ శాసనాన్ని ఒక్కసారీ ఉల్లంఘించనిది బోనులు చూసుకునే, మేమంతా అక్కా అని పిలిచే ఆవిడ ఒక్కతే.

చివరికి కొత్త మందు సంగతి తేలే రోజు వచ్చింది. గడ్డలు తగ్గకపోతే గది ఖాళీ చేసి ఎలుకలవాళ్లకి అప్పగించమని పైవాళ్లు ముందే తేల్చేశారు. మామయ్య ఒక్కో పిల్లనీ భూతద్దం కింద చూస్తున్నాడు. నేనూ అక్కా ఆయన పక్కనే నిలబడ్డాం.

"కరిగిందిరోయ్!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆ గొంతు మామయ్యదని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. హడలిపోయి బోనుల వైపు చూశాం. ఒక్క పిల్లా ఊడిపడలేదు. ఒక తల్లి మాత్రం పురుగు నమలడం ఆపి, మా వంక చూసి, మళ్లీ నమలసాగింది.

"మామయ్యా, అవి అదరలేదేం?"

ఆయన దొంగలా నన్ను మూలకి లాగాడు. "అదరవురా. ఫ్యాన్ల మోతలోనే పుట్టి పెరిగాయి."

"మరి ఇన్నేళ్లూ?"

"నువ్వప్పటికి చేరలేదు. గొంతు క్యాన్సర్ ఆపరేషనయ్యాక అక్కకి ఆ కాస్త గొంతే మిగిలింది. నోరు విప్పితే అందరూ తిరిగి చూసేవారు. అందరం అలాగే మాట్లాడితే ఎవరు చూస్తారు?"

వెనకే అక్క నిలబడి ఉంది. ఈ సంగతి ఆవిడకి ఏనాడో తెలుసని ముఖమే చెబుతోంది.

"ఇంకోసారి అరవండి సార్," అంది గుసగుసగా, "నా వాటా కూడా కలిపి."

అరిచాడు. కింది అంతస్తు నుంచి కాపలాదారు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.