మంచుగాలికి మూసిన కిటికీలు

ఆ రోజుల్లో జలుబు కిటికీలోంచి వస్తుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. మూసిన గదిలో ఒకరు దగ్గితే ఆ గాలినే అందరూ పీలుస్తారని ఇప్పుడైతే బడిపిల్లలు కూడా చెబుతారు. మా నాయనమ్మకు ఆ మాట చెప్పే నాథుడు లేడు. (ఉన్నా వినేది కాదనుకోండి.) రంగూన్‌లోని సంచౌంగ్ పేటలో నాలుగో అంతస్తు మాది. ముక్కోటి ఏకాదశి దగ్గరపడుతోందంటే ముందుగదిలో ఆడవాళ్ళ భజన సాధన మొదలయ్యేది. ఏకాదశి సాయంత్రం గుడిలో పాట నాయనమ్మ జట్టుదే. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఒక్క ఏడూ తప్పలేదు. అందుకే గొంతులు కాపాడటం ఆవిడకు వ్రతమైపోయింది. "మంచుగాలి గొంతు పట్టేస్తాది, తలుపులెయ్యండే" అనేది. తలుపులు వేసి, కిటికీలు బిగించి, సందుల్లో తాతయ్య పాత లోంజీలు (బర్మా లుంగీలు) కుక్కి, ఆపైన సాంబ్రాణి పొగ వేసేది. (రంగూన్ చలి ఎంతంటే, ఫ్యాను కాస్త తగ్గిస్తే పోయేంత.)

నన్ను మాత్రం ఆ మంచుగాలికే వదిలేసింది. "ఒలే, నువ్వు శ్రుతి సెడగొడతన్నావు. బాల్కనీలో కూకుని పాడుకో" అంది. "మరి నా గొంతుకి మంచు పట్టదేటి?" అన్నాను. "పడితే బాగుపడతాదేమో" అంది, చేతి తాళాలు సర్దుకుంటూ. బాల్కనీలో కూర్చుని, బర్మా అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాటను (మా తరం చదువు అంతే మరి) నా ఇష్టమొచ్చినట్టు పాడుకునేదాన్ని. కింద తోపుడు బళ్ళ దగ్గర దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి. నూనెలో ఏవో వేగే వాసన పైకి తేలి వచ్చేది. దూరాన పగోడా బంగారంలా మెరిసేది. అద్దాల వెనక పాట నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుండేది. అది వింటూ నేనెక్కడున్నానో మరిచిపోయేదాన్ని. అయినా ఒక్కసారి ఆ గుంపులో కూర్చుని పాడాలని ఎంత ఆశగా ఉండేదో.

ఆ ఏడు ముందు చిన్నత్త దగ్గింది. జట్టులోంచి తీసేస్తారని భయపడి, "పొగేనమ్మా" అని బుకాయించింది. రెండ్రోజులకు మద్దెల వాయించే పిన్నికి తుమ్ములు పట్టుకున్నాయి. తర్వాత మా అమ్మ. "ఎక్కడో సందుంది" అంటూ నాయనమ్మ గోడలు తడిమి, మరో లోంజీ చింపి కుక్కింది. ఎంత బిగిస్తే అంత వేగంగా గొంతులు రాలిపోయాయి. ఏకాదశి ముందురోజు ఆవిడదీ పోయింది.

గుడిలో జనం కూర్చున్నారు, మద్దెల మొదలైంది. నాయనమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు. వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుని, "ముందుకి రాయే. నువ్వే ఎత్తుకో" అంది గుసగుసగా.

"నాకు శ్రుతి రాదు కదా నానమ్మా."

"గొంతుంది కదేటే."

పాడాను. పాట ఏ దారిన పోయిందో ఆ దేవుడికే ఎరుక. నేను ఎక్కడ పరుగెత్తితే అక్కడికి నాయనమ్మ తాళం వచ్చి అందుకునేది. అత్త, అమ్మ, పిన్ని నా వెనక పెదాలు మాత్రం కదిపారు. హారతి అయ్యాక నాయనమ్మ నా వీపు మీద చెయ్యేసి, "ఈ ఏడూ తప్పలేదు" అంది.

ఆ తర్వాత పద్ధతిగా సంగీతం నేర్చుకున్నాను. ఎక్కడ తప్పుతున్నానో ఇప్పుడు నా చెవికే తెలిసిపోతుంది, అందుకని నలుగురిలో గొంతు సగానికి దించేస్తాను. ఏమీ తెలియకుండా దేవుడి ముందు అంత గట్టిగా పాడిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.