అవ్వ తోటకు గొడ్డళ్ళు వచ్చిన రోజు

మా చిన్నప్పుడు... ఒక పొద్దున అమ్మ నన్ను వాకిట్లోకి లాక్కొచ్చి, గడ్డం పట్టుకుని పైకెత్తి, ఎండలో నా కళ్ళలోకి అదేపనిగా చూసింది. "నోరు ఎండిపోతాందా? తల తిరగతాందా?" అని అడుగుతూనే ఉంది. నాకేమీ లేదు. అయినా అమ్మ నన్ను వదల్లేదు...

గూళూరు దగ్గరి మా ఊళ్ళో ఆ పొద్దున ప్రతి ఇంటి ముందూ అదే పని. తల్లులందరూ పిల్లల కళ్ళే చూస్తున్నారు. అన్ని ఇళ్ళలోనూ ఉడికింది ఒకే తోటలోని ఆకు మరి.

ఆ తోట మా అవ్వది. మా నాయన తల్లి, గంగమ్మ. బాగేపల్లి పోయే దావ పక్కన, మోటబావి కింద తన వంతుకు వచ్చిన చిన్న నేలచెక్కలో తోటకూర, గోంగూర, చిక్కుడు, మునగ వేసింది. కంచె లేదు. ఊరివాళ్ళయినా, దారిన పోయేవాళ్ళయినా ఆ పూటకు కావలసింది కోసుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. వానలు లేవు... పండిన కాసిని రాగులూ సర్కారు లెవీకి పోయేవి. సంగటి ముద్ద చిన్నదైపోయింది. ఆకుకూరే కడుపు నింపేది.

ముందు రోజు పొద్దుగూకే వేళ అనంతపురం వైపు నుంచి లక్షుమక్క అనే ఆమె, నా ఈడు కూతురితో నడుచుకుంటూ వచ్చింది. చింతామణి పట్నంలో పని దొరుకుతుందేమోనని పోతున్నారు. రాత్రికి బావి దగ్గరే పడుకుని, తెల్లవారక ముందే మసకలో అవ్వ తోటలో ఆకు కోసి ఉడకేసింది. ఉన్నదంతా కూతురికి పెట్టి, తాను నీళ్ళు తాగి ఊరుకుంది.

కాసేపటికి ఆ పిల్ల నోరెండిపోయి, కంటిపాపలు పెద్దవై, ముఖం కందిపోయింది. గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడించింది. తల్లిని గుర్తుపట్టలేదు...

నాయన బండి కట్టి తల్లీబిడ్డలను బాగేపల్లి ఆసుపత్రికి తోలుకుపోయాడు. బండి కనుమరుగయిందో లేదో, గొడ్డళ్ళు వచ్చాయి.

ముందు ఊరి పెద్ద రెడ్డెప్ప. ఆయన మనవళ్ళూ పొద్దున ఆ కూరే తిన్నారు.

"పక్కకు రా గంగమ్మా. ఆ నేలలో ఏదో విషముండాది. ఈ పొద్దే కొట్టేస్తాం."

అవ్వ వాళ్ళకు అడ్డంగా కూర్చుండిపోయింది. "బండి రానీ రెడ్డెప్పా. బిడ్డకేమైందో తెలిసినాక మీరు చెప్పినట్టే చేస్తా."

"ఆ బిడ్డ బతక్కపోతే?"

"నేనే నరికేస్తా. గొడ్డలి నా చేతికే ఇయ్యి."

రెడ్డెప్ప గొడ్డలి కింద పెట్టాడు గానీ ఇంటికి పోలేదు. ఆ రోజు తోటలో ఎవరూ అడుగు పెట్టలేదు. మధ్యాహ్నం మా ఇంట్లో ఉత్త సంగటి... ఉప్పునీళ్ళలో అద్దుకుని తిన్నాం. అవ్వ అదీ ముట్టలేదు.

"అవ్వా, తోటలో విషముండాదా?" అని అడిగాను.

"తెలీదు తల్లీ," అంది. అవ్వకు తెలియనిది ఒకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అప్పుడు వేసింది నాకు భయం...

బండి మర్నాడు ఎండెక్కాక వచ్చింది. ఊరంతా దావ మీదే. నాయన ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. లక్షుమక్క ఒళ్ళో పిల్ల కదలకుండా పడుకుని ఉంది. ముఖం మీద చీర కొంగు కప్పి ఉంది.

"ఎండ తగులుతాదని కప్పినానమ్మా," అంటూ లక్షుమక్క కొంగు తీసింది. పిల్ల కళ్ళు చికిలించుకుని మమ్మల్నందరినీ చూసింది. నా పక్కన నిలబడ్డ అమ్మ పెద్దగా ఏడ్చేసింది.

వండగా మిగిలిన పచ్చి ఆకు లక్షుమక్క కొంగులో మూటకట్టి ఉందట. డాక్టరు అది విప్పి చూశాడట. "తోటకూరలో ఉమ్మెత్త లేతాకు కలిసిపోయిండాది," అన్నాడు నాయన.

అవ్వ తల వంచుకుంది. "మొన్నటిదాకా జరమొచ్చి పడుకున్న్యా. కలుపు పీకలేదు. తప్పు నాదే."

"సరే, కొట్టం," అన్నాడు రెడ్డెప్ప. "కానీ కంచె వెయ్యాల. ఊరోళ్ళు తప్ప ఇంకెవరూ రాకూడదు."

చాలామంది తలలూపారు. మీరు చెప్పినట్టే చేస్తానని అవ్వ మాటిచ్చేసింది కదా... నోరెత్తలేదు.

బండి మీది నుంచి లక్షుమక్క అంది: "అట్ల చెయ్యొద్దప్పా."

అందరూ అటు తిరిగారు.

"ఊరు వదిలినాక యాడ అడిగినా పొమ్మన్నారు. ఈడ ఒక్కచోటే అడక్కుండా కోసుకున్నాం. మసకలో చూసుకోకుండా కోసింది నేను. నా బిడ్డ పేరు చెప్పి కంచె వేస్తే... రేపు నా మాదిరి ఇంకో తల్లి వస్తే యాడికి పోతాదప్పా?"

రెడ్డెప్ప పంచె ఎగగట్టి, తోటకూర మడిలోకి పోయి, ఉమ్మెత్త మొక్కను వేళ్ళతో సహా పెరికేశాడు. ఆయన వెనకే ఆడవాళ్ళందరూ తోటలోకి దిగారు...

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ తోటకూర వండింది. నా పళ్ళెంలో వేసి, నన్ను ఆగమని, తాను మొదటి ముద్ద తింది. కాసేపు చూసి, ఇక తినమంది.

పిల్ల నడవగలిగేదాకా లక్షుమక్క మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత కొత్తవాళ్ళెవరు వచ్చినా ఊరి ఆడవాళ్ళలో ఒకరు పక్కన నిలబడి ఆకు చూపించి కోయించేవాళ్ళు. కంచె మాత్రం అవ్వ ఉన్నన్నాళ్ళూ వెయ్యలేదు.

ఇప్పుడు ఆ చెక్క మీదుగా తారు రోడ్డు పోతోంది. ఇది నా కోసం టైపు చేస్తున్న మనవరాలు ఆకుకూర కూడా ఫోన్లోనే తెప్పిస్తుంది... శుభ్రంగా, కట్టలు కట్టి వస్తుంది. కరివేపాకు రెబ్బ కావాలన్నా పక్కింటి గేటు తట్టాలంటే మొహమాటం.

ఆకలేసిన మనిషి ఎవరినీ అడగకుండా కోసుకునే చోటు మీ ఊళ్ళో ఉండేదా? ఇంకా ఉందా?... ఉంటే చెప్పండి. వినాలని ఉంది.