వీధంతా రేడియోలు కట్టేసిన బుధవారం

మా చిన్నప్పుడు... బుధవారం దీపాలు పెట్టే వేళయిందంటే బెజవాడ వన్ టౌన్‌లో మా వీధి వీధంతా రేడియోలకి అతుక్కుపోయేది. వారం వారం వచ్చే డిటెక్టివ్ నాటకం కోసం! పోలీసులు కాదండోయ్, ప్రైవేటు డిటెక్టివ్‌లు. ప్రభాకరం అని ఒకాయన, ఆయన అసిస్టెంటు నళిని. పోలీసులు చేతులెత్తేసిన కేసులన్నీ వీళ్ళిద్దరే తేల్చేవాళ్ళు. ఎండాకాలం కిటికీలన్నీ బార్లా తీసి ఉండేవి కాబట్టి, రేడియో లేని ఇంట్లోవాళ్ళు కూడా మంచం మీద పడుకునే వినేవాళ్ళు.

మా ఇంట్లో ఆ నాటకం పిచ్చి నాయనమ్మది. ఆవిడా తాతయ్యా ఉండేది ఉయ్యూరు పక్కన పల్లెటూళ్ళో. కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేయించాలని నాన్న ఆవిణ్ణి బెజవాడ తీసుకొచ్చారు. తాతయ్య చెరుకుతోట వదిలి రాలేనని అక్కడే ఉండిపోయారు. నాయనమ్మ వచ్చిన తొలి బుధవారమే ప్రభాకరానికి పడిపోయింది. నాటకం మొదలవగానే "హంతకుడు వీడేనర్రా" అని తేల్చేసేది. ఒక్కసారీ నిజం కాలేదనుకోండి, అది వేరే సంగతి!

అప్పటి ఆపరేషన్ అంటే ఇప్పట్లా పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి నల్లకళ్ళద్దాలతో ఇంటికి రావడం కాదు... రెండు కళ్ళకీ కట్టు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఉలిక్కిపడకూడదు... ముఖ్యంగా ఏడవకూడదు.

ఆవిడ రెండో కన్ను ఏనాడో పోయింది. ఇదీ పోతే ఇక చేసేదేమీ లేదని డాక్టరుగారు నాన్నతో చెబుతుంటే నేను విన్నాను. అప్పట్నుంచీ నాకు అన్నం సయిస్తే ఒట్టు. ఆవిడ గొంతు సవరించుకున్నా నా గుండె గుభేలుమనేది.

ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన మర్నాడే బుధవారం. పైగా నాటకం ఆఖరి భాగం... హంతకుడెవరో తేలే రోజు. ఆపరేషన్‌కి ముందు ఒక వారం నాటకంలో తుపాకీ పేలితే నాయనమ్మ మంచం మీంచి ఎగిరిపడింది. అది గుర్తొచ్చి నాన్న మా రేడియోని అటక ఎక్కించేశారు. "ఈ వారం నాటకం లేదటమ్మా" అని ఆవిడకి చెప్పి, ఇంటింటికీ వెళ్ళి బతిమాలారు.

"అమ్మ కన్నండీ... ఈ ఒక్క సాయంత్రం కాస్త రేడియో కట్టెయ్యండి."

ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. ఎదురింటి మేరీ టీచరుగారు, "అయ్యో, కన్ను కంటే నాటకం ఎక్కువటండీ?" అని అప్పటికప్పుడే ప్లగ్గు పీకేశారు. కిళ్ళీకొట్టు కూడా గప్‌చిప్. నాన్న సందు మొదట్లో కాపలా నిలబడ్డారు. అమ్మా నేనూ నాయనమ్మ పక్కన కూర్చుని హమ్మయ్య అనుకున్నాం.

కాసేపటికి నాయనమ్మ పెదవులు కదిలాయి.

"ఏమే, ఎవరు పోయారు?"

ఆ రోజుల్లో వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ రేడియో పెట్టేవాళ్ళు కాదు. ఒకరు చెప్పక్కర్లేదు, అది మర్యాద. ఇంతమందిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు!

"ఎవరూ పోలేదండీ అత్తయ్యా. ఇవాళ నాటకం లేదంతే."

"నాటకం లేకపోతే పాటలుండవూ? వార్తలుండవూ? ఊళ్ళో రేడియోలన్నీ ఒక్కసారే చెడిపోయాయా?" నాయనమ్మ ఆగి ఆలోచించింది. "ఏడుపులు వినపట్టం లేదంటే నాకు తెలీకూడదని నోళ్ళు నొక్కుకున్నారు. నాకు తెలీకూడని చావు ఎవరిదే? మా అబ్బాయేడీ? ఊరెళ్ళాడా? మీ మావయ్యగారేనా?"

అచ్చం ప్రభాకరంలాగే... ఒక్కో ఆధారం పట్టుకుని!

అమ్మ ఒట్లు పెట్టింది. ఎంత చెబితే అంత అనుమానం. నాయనమ్మ గడ్డం వణకడం మొదలైంది. అమ్మ రెండు చేతులతో ఆవిడ తల పట్టుకుని, "ఏడవకండత్తయ్యా, మీకు పుణ్యముంటుంది, కన్ను పోతుందండీ!" అంటూ తనే భోరుమంది. కోడలి ఏడుపు విన్నాక ఆవిడకి ఇక అనుమానమే లేకపోయింది.

"పరిగెత్తవే! రేడియోలు పెట్టమను!" అని అమ్మ నా మీద అరిచింది.

వీధిలోకి దూకాను. "రేడియోలు పెట్టండీ! గట్టిగా పెట్టండీ!" నాన్న ఎదురొచ్చి, "పిచ్చెక్కిందా నీకు?" అన్నారు. సంగతి చెప్పగానే ఆయనా నాతో కలిసి కేకలు... ఇందాక కట్టెయ్యమని గుమ్మం గుమ్మం తిరిగిన మనిషే!

మీట తిప్పగానే మోగే రేడియోలా అవి? మేరీ టీచరుగారిది వాల్వుల పెట్టె. వేడెక్కితేగానీ పలకదు. ఆ గాజు వెనక లైటు మెల్లగా వెలుగుతుంటే... ఆ కాస్తసేపు నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. ముందు కిళ్ళీకొట్టు ట్రాన్సిస్టరు పలికింది. తర్వాత టీచరుగారిది. ఆ తర్వాత వీధంతా ప్రభాకరం గొంతే.

మేం ఇంట్లోకి వచ్చేసరికి ఢామ్మని తుపాకీ పేలింది! అమ్మ కళ్ళు మూసుకుంది. నాయనమ్మ మాత్రం కదల్లేదు.

"అమ్మా, నేనిక్కడే ఉన్నాను. నాన్న నిక్షేపంలా ఉన్నాడే," అన్నారు నాన్న రొప్పుతూ.

"ఉష్... విననీరా," అంది ఆవిడ.

కట్టు విప్పిన రోజు తాతయ్య వచ్చారు. నాయనమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, "చిక్కిపోయారు" అంది. అప్పుడు ఏడ్చింది, తనివితీరా. డాక్టరుగారు కూడా వద్దనలేదు.

ఇప్పుడు భవానీపురంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఫోన్లో ఎన్ని డిటెక్టివ్ సీరియళ్ళో... చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికి వాళ్ళం చూసుకుంటాం. మొన్న పై అంతస్తులో ఒక పెద్దాయన పోయారని నాకు రెండో రోజు లిఫ్టులో తెలిసింది. రోజూ ఉండేదీ ఆ నిశ్శబ్దమే కదండీ... ఎలా తెలుస్తుంది?

మీవాళ్ళ కోసం వీధి వీధంతా ఊపిరి బిగబట్టిన రోజు మీకూ ఉందా? ఉంటే చెప్పండి... వినాలనుంది.