ఇస్పేటు రాజు మీద ఆఠీను రాణి

మొన్న మా కోడలు తన ఫోనులో ఒక వీడియో చూపించింది. అందులో ఎవరో చక్కటి పిల్ల పేకముక్కలు పరిచి, భర్త మనసు మెత్తబడాలంటే ఏ ముక్కని దిండు కింద పెట్టుకోవాలో నవ్వుతూ చెబుతోంది. కోడలూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బ్రాడీపేటలో కాపురం పెట్టి ఇన్నేళ్లయినా, దిండూ పేకముక్కా అనే మాటలు ఒకచోట వినపడితే పర్చూరు వైపు మా అత్తవారి ఊరి కల్లం కళ్లముందు ఎర్రగా పరుచుకుంటుంది.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త రోజులవి. మా ఆయనా, మా బావగారూ, అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద నడిచేవి. మామగారు బతికినన్నాళ్లూ ఆడి, అంచులు మెత్తబడ్డాక వదిలిపోయిన పేకల కట్ట ఒకటి అత్తగారి ట్రంకుపెట్టెలో ఉండేది. ఆవిడకి అక్షరం రాదు గానీ ఆ ముక్కలతో ఏ పని ఎలా చేయించాలో పుట్టింటి వైపు పెద్దావిడెవరో నేర్పిందట. గేదె ఈనలేక తన్నుకుంటుంటే ఆఠీను రాణిని గాటికి కట్టేది. వాన మొహం చాటేస్తే కళావరు ముక్కల్ని నీళ్ల తొట్లో వదిలేది. కోర్టుకి వెళ్లేవాళ్ల జేబులో డైమను ఆసు పెట్టి పంపేది. వీధిలో ఆడవాళ్లు గ్లాసుడు పాలో, నాలుగు వంకాయలో పట్టుకుని వచ్చి ఆవిడ ముందు కూర్చునేవారు. పదో తరగతి చదివిన దాన్ని కనుక నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

మా బావగారు మంచి రైతే. కానీ ఆ ఏళ్లలో పత్తిని శనగపచ్చ పురుగు తినేస్తుంటే, ఎన్ని మందులు కొట్టినా చావకపోతుంటే, ఆ కసంతా తెచ్చి మా తోటికోడలి మీద తీర్చుకునేవాడు. తాగితే ఒక రకంగా, తాగకపోతే ఇంకో రకంగా. కూరలో ఉప్పెక్కువైందని ఒకసారి ఆవిడ ముంజేయి విరిచాడు. చెర్నాకోలతో కొడితే వీపు మీద తేలిన వాతలకి నేనే వెన్న రాసేదాన్ని. నేను అక్కయ్యా అని పిలిచే ఆ మనిషి నోరెత్తి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఏడ్చి లోపలికి వెళ్లి పెట్టె తీసేది.

ఒకరోజు ఇస్పేటు రాజుని బోర్లా పెట్టి, దాని మీద ఆఠీను రాణిని ఉంచి, పసుపుదారం చుట్టి పాలలో తడిపి ఆరబెట్టింది. రాణి బరువుకి రాజు కోపం అణుగుతుందని ఆవిడ నమ్మకం. దాన్ని బావగారి దిండులో పత్తి మధ్య దూర్చి కుట్టేసింది. ఆవిడకి చూపు ఆనకపోతే సూదిలోకి దారం నేనే ఎక్కించాను. అక్కయ్యకి మాత్రం ఈ సంగతి తెలియదు.

మిరపకాయలు కల్లంలో ఆరుతున్న రోజులు. మా ఆయన కాయల లోడుతో గుంటూరు యార్డుకి వెళ్లాడు. భోజనం చేసి పందిరి కింద నులకమంచం మీద పడుకున్న బావగారికి తల కింద ఏదో గట్టిగా తగిలింది. దిండు చించాడు. ఎగిరిన పత్తిలోంచి ఆ ముక్కల జత ఒళ్లో పడింది.

తర్వాత జరిగింది నేను ఎప్పుడూ పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. అక్కయ్యని జుట్టు పట్టి కల్లంలోకి ఈడ్చాడు. "నన్ను చంపటానికి చేతబడి చేస్తన్నావటే" అంటూ మొహాన్ని మిరపకాయల్లో అదిమి మడమతో మెడ మీద తొక్కాడు. కాయలు పగిలి గింజలు ఆవిడ కళ్లలోకి పోయాయి. ఆ పెట్టింది ఆవిడ కాదని చెప్పబోయిన నన్ను మోచేత్తో కొట్టేసరికి నోటి నిండా రక్తం. పక్క కల్లాల నుంచి ఇరవైమంది వచ్చారు గానీ చేతబడి అన్న మాట వినగానే అక్కడే ఆగిపోయారు. "పళ్లు రాలగొట్టు, ఇంక మంత్రం పారదు" అన్నాడు వాళ్లలో ఒకడు.

అప్పుడొచ్చింది అత్తగారు. "ఆ ముక్కలు పెట్టింది నేను. దాన్ని వదులు" అంది. బావగారు చెంప మీద కొడితే ఆవిడ మోకాళ్ల మీద పడిపోయింది. లేచేటప్పుడు, కాయల మీద కప్పే పట్టా ఎగరకుండా బరువు పెట్టిన సరుగుడు కర్ర ఆవిడ చేతిలో ఉంది. మొదటి దెబ్బ జుట్టు పట్టుకున్న చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండోది మోకాలి మీద. కొడుకు కాయల్లో పడి పొర్లుతుంటే ఆవిడ కొడుతూనే ఉంది. నలుగురం ఆడవాళ్లం వాటేసుకుంటే గానీ ఆగలేదు.

బిందెలకొద్దీ నీళ్లు పోసి అక్కయ్యని ట్రాక్టరులో గుంటూరు తీసుకుపోయాం. ఒక కంటికి చూపు మసకగానే మిగిలింది. బావగారి మోచేయి వంకరగా అతుక్కుంది. ఊళ్లో మాత్రం అత్తగారే మంత్రగత్తె అని తేల్చేశారు. పాల గ్లాసుతో వచ్చిన ఆడవాళ్లే ఆవిడ ఎదురైతే పిల్లల్ని కొంగు చాటుకి లాక్కునేవారు. ఆవిడ పెద్దకోడలిని తీసుకుని చిలకలూరిపేట వెళ్లి గది అద్దెకి తీసుకుంది. అక్కయ్య పత్తి మిల్లులో పనికి కుదిరింది. ఇద్దరూ మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

చూడబోయినప్పుడు ఒకసారి, ముక్కల మీద నమ్మకం ఇంకా ఉందా అని అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చాట పక్కన పెట్టింది. "కన్నకొడుకుని కొట్టలేక ముక్కల్ని పట్టుకున్నానే అమ్మాయ్. మొదటిరోజే కర్ర తీసుంటే దాని కన్ను నిలిచేది" అంది.

ఆవిడ పోయినప్పుడు బావగారు వచ్చాడు. ఆ వంకర చేత్తోనే తలకొరివి పెట్టాడు. అక్కయ్య దూరంగా నిలబడి చూసింది.

ఇప్పుడు ఆడపిల్లలకి చట్టాలున్నాయి, ఫోను చేస్తే వచ్చేవాళ్లున్నారు. మంచిదే, సంతోషించేదాన్నే. కానీ పోయిన నెల పక్క ఫ్లాటులోంచి ఏదో పడ్డ చప్పుడు, వెంటనే ఆడమనిషి కేక వినపడితే వెళ్లి బెల్లు కొట్టాను. "ఏం లేదాంటీ" అని లోపలి నుంచే జవాబు వచ్చింది. గొళ్లెం తీయలేదు. నా తరువాత ఇంకెవరూ బెల్లు కొట్టలేదు. తలుపుకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. మా కల్లానికి తలుపులుండేవి కావు. చూస్తూ నిలబడ్డవాళ్లైనా కళ్లారా చూశారు, ఒక ముసలమ్మ నేరుగా లోపలికి నడిచి రాగలిగింది.