ఓడ నడిపింది ఆమే

మా కాలేజీ స్టాఫ్ క్విజ్‌లో నేను తప్పు జవాబు చెప్పానని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను.

సంగతి చిన్నదే. పాత టీవీ కార్యక్రమాల మీద సరదా ప్రశ్నలు. మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున హిందీలో వచ్చిన ఒక విదేశీ సీరియల్, అంతరిక్షంలో తిరిగే ఓడ కథ, తెర మీద వేశారు. అలాంటి చిల్లర విషయాల్లో నన్ను కొట్టేవాళ్ళు లేరు. ఓడలో వాటంతటవే తెరుచుకునే తలుపుల వెనక ఇద్దరు మనుషులు నక్కి లాగేవాళ్ళట. కిటికీలోంచి కనిపించే నక్షత్రాలు నల్లగుడ్డకు పొడిచిన కన్నాలట. ఆ రెండూ టకటకా చెప్పేశాను. మూడో ప్రశ్న, ఈ ఓడకు కెప్టెన్ ఎవరు అని. లేచి నిలబడి మరీ, "వెండి రంగు గౌను వేసుకున్నావిడ" అన్నాను.

హాలంతా ఒకటే నవ్వు. క్విజ్ నడుపుతున్న కంప్యూటర్స్ లెక్చరర్ ఆ ముక్క మళ్ళీ వేశాడు, ఈసారి కింద అక్షరాలతో. వెండి గౌను ఆవిడ ట్రేలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. గడ్డం ఉన్న పెద్దమనిషి ఒకటి తీసుకున్నాడు. 'మీ టీ, కెప్టెన్' అని కింద పడింది.

"ఆవిడ టీ ఇచ్చే ఆవిడ మేడం" అన్నాడు లెక్చరర్, ఓదారుస్తున్నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ట్రే నాకు గుర్తు లేక కాదు. గ్లాసులు ఎన్నో కూడా గుర్తుంది. అందులో ఉన్నది టీ కాదు, అంతే.

మా ఊరు మైపాడులో అప్పట్లో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ, ఎండుచేపల వ్యాపారం చేసే ముస్లిముల ఇంట్లో. సముద్రపు గాలికి ఏంటెనా తిరిగిపోతే ఎవరో ఒకరు మిద్దెక్కి సరిచేయాలి. ఆ ఇంటి పెద్దమ్మాయిని అందరం అక్కా అనేవాళ్ళం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి హిందీ కూడా వచ్చే ఉంటుందని మా నమ్మకం. ఆమె టీవీ పక్కన ముక్కాలిపీట వేసుకుని, బొమ్మలోని వాళ్ళు నోరు తెరవగానే తెలుగులో చెప్పేది. కింద చాప మీద మేము, అందరం ఆడపిల్లలమే. సగం మంది వారమంతా రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయేవాళ్ళు. ఆదివారం ఒక్కరోజే వాళ్ళ చేతులకు సెలవు.

అక్క చెప్పిన కథ ఇది. ఓడ వెండి గౌను ఆవిడది. గడ్డం మనిషి ఆమె కింద పనిచేసే సరంగు. అతను గట్టిగా మాట్లాడుతుంటే ఆమె తలూపుతోందంటే, చెప్పిన పని చేసొచ్చి ఒప్పజెబుతున్నాడని అర్థం. ఇక ఆ గ్లాసులంటారా, అందులో ఉండేది ఊపిరాడించే మందు. పైన గాలి ఉండదు కదా! ఆ మందు అలమారా తాళం ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె పోసి ఇస్తేనే మగవాళ్ళు బతికి ఉండేది.

"ఈయకుంటే?" అని అడిగాను ఒకసారి.

"గుడ్లు తేలేసి చస్తారు" అంది అక్క. చాప మీద అందరం తృప్తిగా నవ్వుకున్నాం.

చిక్కేమిటంటే అదే వేళకు మాకు సండే స్కూలు. మా నాయన సంఘ పెద్ద. నాలుగు వారాలు ఎగ్గొట్టి దొరికిపోయాను. ఎగ్గొట్టిన వాళ్ళు ఆ వారాల బైబిలు కంఠత వాక్యాలన్నీ సంఘం ముందు నిలబడి చెప్పాలి, అది మా చర్చిలో శిక్ష. నాలుగూ ఒక్క తప్పు లేకుండా చెప్పి, దించాల్సిన తల దించకుండా వచ్చి కూర్చున్నాను. ఆ మరుసటి వారం నుంచి వాక్యం శనివారమే మా నాయనకు ఒప్పజెప్పేదాన్ని. ఇక ఆదివారం ఆయనకు కాదనడానికి ఏమీ మిగల్లేదు.

పదో తరగతి అయ్యాక చదువు చాలన్నాడు. నెల్లూరులో చేరతాను, లెక్కలు, సైన్సు తీసుకుంటాను అన్నాను.

"ఆడపిల్లవి, లెక్కలు చదివి ఏం జేస్తావే?"

"ఓడ నడపతా."

"ఆడోళ్ళు ఓడ నడిపేది యాడ జూసినావు నువ్వు?"

"టీవీలో. వారం వారం చూసినా. కావాలంటే వీధిలో ఎవుర్నన్నా అడుగు."

అడిగాడు కూడా. రొయ్యల షెడ్డు పిల్లలంతా ఒక్క గొంతుతో అవునన్నారు. మా నాయన ఆ సీరియల్ ఒక్కరోజూ చూసినవాడు కాదు, ఎలా కాదంటాడు? జూన్‌లో నెల్లూరు బస్సెక్కాను. ఓడ నడపలేదు గానీ ఇరవై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను.

అందుకే ఆ క్విజ్ నాకు సరదా కాలేదు. టీ ఇచ్చే ఆవిడను చూసి నేను ఇంత దూరం వచ్చానా? ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక స్కూటీ తీసుకుని నేరుగా అక్క ఇంటికి పోయాను. ఇప్పుడు ఆమె ఉండేది నెల్లూరులోనే. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఫోనులో ఆ ముక్క చూపించాను.

"ఏందక్కా ఇది? నీకు హిందీ రాదా?"

ఆమె కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూసింది.

"టీ అంటే టీ అని తెలవదా మే నాకు? అంత మాత్రం వచ్చు."

"మరి?"

"ఎనిమిదిలో నన్ను బడి మాన్పించిన ఏడాదే ఆ టీవీ కొన్నారు. సరుక్కోసం ఎవురొచ్చినా టీ పెట్టేది నేను, ఇచ్చేది నేను. ఆదివారం కూచుంటే ఆకాశంలో గూడా ఆడది టీలే ఇస్తా ఉండె. ఒళ్ళు మండింది. మార్చి చెప్పినా. తప్పా?"

"తప్పు కాదక్కా. నేను అది నమ్మే చదువుకున్నా."

మిషను మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు నమ్మినావా మే? నేను నమ్మలేదే" అంది.

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. సీరియల్ తీసిన వాళ్ళ మీద, ఆమెను బడి మాన్పించిన వాళ్ళ మీద, నవ్విన హాలు మీద. చాప మీద కూర్చున్న నాకు దొరికింది, పీట మీద కూర్చుని ఇచ్చిన మనిషికి దొరకలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

సోమవారం ఫస్టియర్ క్లాసులో పాఠం పక్కన పెట్టి ఆ సీరియల్ కథ చెప్పాను, అక్క చెప్పింది చెప్పినట్టే. ఆ కథ చెప్పిన మనిషి జాకెట్లు కుడుతుందని కూడా చెప్పాను. వెనక బెంచీ పిల్ల ఒకతి అప్పటికే ఫోనులో వెతికేసింది.

"మేడం, ఇందులో ఆమె టీ ఇస్తోంది. కెప్టెన్ ఆయనంట" అంది.

"వాళ్ళే తప్పుగా తీశారు" అన్నాను.