సిమెంటు ఇంజనుకు మా పొట్టేలు

అప్పట్లో జమ్మలమడుగుకు రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో ముద్దనూరు పోవాలి. అట్లాంటి ఊళ్లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, బస్టాండు ముందర సిమెంటుతో రైలింజను కట్టించారు పెద్దమనుషులు. ముద్దనూరు మీదుగా రైలుకట్ట వేసిన పాతకాలపు కూలీల గుర్తుగానట. మా అబ్బ, అంటే మా తాత, వాళ్ల నాయన ఆ కట్టకు మట్టి మోసినవాడే.

బొమ్మ చేసింది ప్రొద్దుటూరు మేస్త్రీ. ఆయన చెయ్యి తిరిగింది గుడిగోపురాల బొమ్మల్లో. ఇంజను ముందుభాగం బోసిగా ఉందని ఉరిమే కళ్లు, కోరలు, వేలాడే నాలుక పెట్టాడు. నాకు రోత పుట్టింది, ఊరికి భక్తి పుట్టింది. ఆడవాళ్లు చక్రాలకు పసుపు పూశారు. రక్తం చూపకుంటే ఊరికి కీడని ఎవరో అన్నారు. బొమ్మ కట్టించిన కమిటీ పెద్ద నేరుగా మా గొర్రెల దొడ్డికి వచ్చాడు.

“మీ నాయన మట్టి మోసిన కట్ట మామా. పొట్టేలు నీదైతేనే మర్యాద. బొమ్మ తెరిచేదానికి మంత్రి వస్తాండాడు, ఆయన ముందర నీ మెడలో దండేస్తాం.”

మాకున్నది ఒక్కటే విత్తన పొట్టేలు. మంద చూలు కట్టాలంటే అదే దిక్కు. అబ్బ పెళ్లాం, మా జేజి, అడ్డం నిలబడింది.

“సిమెంటుకు ఆకలేందప్పా? దాన్ని ముద్దనూరు దాకా పోయి రమ్మను. మందంతా తోలిస్తా.”

“ఆమెతో ఏంది, నువ్వు చెప్పు మామా.”

అబ్బ జేజి ముఖం చూడకుండా తాడు విప్పాడు.

మంత్రి కారు దిగనే లేదు. చెయ్యి ఊపి పులివెందులకు వెళ్లిపోయాడు. దండ బొమ్మ పని పట్టిన కాంట్రాక్టరు మెడలో పడింది. పొట్టేలును ఆ నాలుక కింద నరికి, మాంసం పెద్దమనుషుల విందుకని బంగళాకు మోసుకుపోయారు. అబ్బకు తలకాయ గోనెసంచిలో పెట్టి ఇచ్చారు.

“దండ యాడుంది?” అని అడిగింది జేజి. ఆమె పొయ్యి వెలిగించలేదు. అబ్బ తలకాయను దొడ్డి వెనక పూడ్చాడు.

ఇంజను చక్రాల సందుల్లో రక్తం కుళ్లింది. ముందర కర్పూరం వెలిగిస్తుంటే వెనక బస్సు దిగినవాళ్లు ఉచ్చ పోసేవాళ్లు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక దాని కింది పలక చదివాను. శ్రమజీవులకు నివాళి అని చెక్కి ఉంది. ఉమ్మేసి వచ్చాను.

ఇంకో పొట్టేలును తెచ్చే శక్తి ఆ ఏడు మాకు లేకపోయింది. ఈనే కాలానికి పక్క దొడ్లన్నీ గొర్రెపిల్లల అరుపులు. మా గొర్రెలు మేసి వచ్చి ఊరికే పడుకునేవి. పిల్లల్ని మూయడానికి దించిన గంపల్ని జేజి దుమ్ము దులిపి మళ్లీ చూరుకే కట్టింది.