జర ఇంకా ఊదు

నందికొండ బడిల మా సైన్సు మేడం సున్నపు తేటను ఇంటికాన్నుంచే తెచ్చేది. వాళ్ల అమ్మీ తమలపాకులు పెట్టుకునే పాన్‌దాన్ల సున్నాన్ని నీళ్లల్ల కలిపి, పైన తేరిన తేటను సీసాల పోసుకొచ్చేది. అందుల స్ట్రాతోని ఊదితే, మన ఊపిరిల ఉన్న బొగ్గుపులుసు వాయువుకు తేట పాల లెక్క తెల్లగైతది. పుస్తకంల పాఠం గాడికే అయిపోతది. మేడం మాత్రం "జర ఇంకా ఊదు" అనేది.

ఆ రోజు నా వంతు. నీళ్లు తెల్లగైనంక అందరు చప్పట్లు కొట్టిన్రు. మేడం చెప్పిందని దవడలు నొచ్చేదాంక ఇంకా ఊదిన. తెలుపంత కరిగిపోయి నీళ్లు మళ్ల తేటగైనయి.

"ఖరాబ్ చేసిన్నా మేడం?"

మేడం నవ్వలే.

"సముద్రంల కంటికి కానరాని జీవులు కొన్ని గీ తెలుపుతోనే గుల్ల కట్టుకుంటయి బిడ్డా. చచ్చి అడుగుకు పోతూ గా వాయువుల బొగ్గును ఇంత ఎంబడి తీస్కపోయి దాస్తయి. మన బండ్లు, ఫ్యాక్టరీలు ఊదుడు ఆపుతలేవు. గిట్లనే ఊదితే గా గుల్లలు కట్టుకునుడు కష్టమైతది, కట్టుకున్నయి గూడ కరుగుతయి."

"మీరు సముద్రం చూసిన్రా?"

"చూడలే" అన్నది, సీసా కడుక్కుంట.

మేడం ఇప్పుడు లేదు. నిరుడు నేను మొదటిసారి సముద్రం కాడికి పోయిన. నీళ్లెంత తేటగున్నయో అని దోస్తులు మురిసిన్రు.

నాకు తెల్వకుండనే ఊపిరి బిగబట్టిన.